సీనియర్‌ను పిలిచే బటన్

నేను కోర్టు ఆటలు రాస్తాను. ఫోన్‌లో ఆడేవి. ఆడేవాళ్లే వకీలు; సాక్షి చెప్పే అబద్ధాన్ని పట్టుకుని, తగిన ఆధారాన్ని జడ్జి ముందు పెడితే కేసు గెలిచినట్టు. పంజాగుట్టలో లిఫ్టు లేని మూడో అంతస్తులో మా ఆఫీసు. మా ఆట మొదటి భాగంలో హీరో నెరిసిన జుట్టు సీనియర్ వకీలు. బల్ల చరిచి అరిచేవాడు. జనం ఆయన్ని నెత్తిన పెట్టుకున్నారు.

రెండో భాగానికి ఆయన్ని పక్కనపెట్టి నేనొక కొత్త అమ్మాయిని తెచ్చాను. బోరబండ నుంచి బస్సులో వస్తుంది, నల్లకోటు క్యారీబ్యాగులో మడిచి పెట్టుకుంటుంది, గొంతు పెంచదు. నాకు ఆ అమ్మాయి మీద రవ్వంత కూడా అనుమానం లేదు. మా బాస్‌కే గుండె దడ.

"ఏంటండీ, ఈ అమ్మాయి అసలు అరవదా? జనం ఆయన కోసం వస్తారండీ," అన్నారు. నేను ఒంటికాలి మీద లేచాను. వాదించుకుని వాదించుకుని చివరికొక ఒప్పందానికి వచ్చాం. ఆఖరి కేసులో రెండుసార్లు ఓడిపోతే తెర మీద ఒక బటన్ వెలుగుతుంది: 'సీనియర్‌ను పిలువు'. నొక్కితే ఆయన తలుపు తోసుకుని వచ్చి కేసు గెలిచిపెడతాడు. పాత అభిమానులు పదిమందిని పిలిచి ఆడిస్తాం. సగం మంది నొక్కారా, ఆఖరి కేసు ఆయనది, నా పిల్ల ఆయన ఫైళ్లు మోస్తుంది. ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. అయినా సరేనన్నాను. గెలుస్తానని తెలుసు మరి.

ఆ ధీమాతోనే ముందుగా మా బాపుకు చూపించాను. బాపుది అమీర్‌పేటలో టైలర్ షాపు. ఆఖరి కేసుకు ఆధారం కూడా అక్కడి నుంచే తీసుకున్నాను. జాకెట్ కుట్టడానికిస్తే రసీదు పుస్తకంలో కొలతల పక్కన ఆ బట్టలోంచి చిన్న బిట్టు కత్తిరించి పిన్ను కొడతారు. చిన్నప్పుడు ఆ పిన్నులన్నీ కొట్టింది నేనే.

కేసు ఇది. ఒకింట్లో గొలుసు పోయింది. బీరువా తలుపుకు చిక్కిన గుడ్డముక్క పనావిడ జాకెట్‌దేనని ఆమె మీద నేరం మోపారు. మా అమ్మాయి టైలర్ పుస్తకం తెప్పిస్తుంది. గుడ్డముక్క, కోడలి పేరు పక్కనున్న బిట్టుతో అచ్చం ఒకే రంగులో కలుస్తుంది. ఆ జాకెట్ కోడలు ఏడాదిగా తొడుక్కుంటున్నదే. కాబట్టి దొంగ కోడలు.

బాపు కళ్లద్దాలు పైకి నెట్టుకుని అక్కడిదాకా ఆడి, ఫోన్ కుట్టుమిషన్ మీద పెట్టేశాడు.

"గిది తప్పు బిడ్డా."

"ఏం తప్పు? బిట్టు కలిసింది కదా బాపూ!"

"గందుకే తప్పంటున్న. ఏడాది ఉతికినంక గా రంగు ఏడుంటది? జర ఇటు చూడు." లూజు చేయమని ఎవరో ఇచ్చిపోయిన పాత జాకెట్ తీసి, పాత రసీదు పుస్తకంలో దాని బిట్టు పక్కన పెట్టాడు. బిట్టు కొన్ననాటి ముదురు మెరూన్. జాకెట్ వెలిసిన ఇటుక రంగు.

టైలర్ కూతుర్ని, వందల బిట్లు పిన్ను కొట్టినదాన్ని. బట్ట షాపు దాటాక ఏమవుతుందో ఒక్కనాడూ ఆలోచించలేదు. సిగ్గేసింది. ఆ సిగ్గులోనే దారి కూడా కనిపించింది.

మూడు రోజుల్లో కేసు తిరగరాశాను. ఇప్పుడు గుడ్డముక్క పనావిడ పేరు పక్కనున్న బిట్టుతోనే కలుస్తుంది. అందరూ ఆమె పని అయిపోయిందనుకుంటారు. కానీ ఆమె ఏడాదిగా రోజూ ఉతికి తొడుక్కున్న జాకెట్ ముక్క అంత కొత్తగా ఉండదు. పండక్కి ఆ బట్ట పెట్టింది యజమానురాలే. తన దగ్గర మిగిలిన, ఉతకని బట్టలోంచి ముక్క కత్తిరించి బీరువాకు తగిలించిందీ ఆవిడే. రంగు కలవడమే అబద్ధం.

శనివారం పొద్దున పదిమంది వచ్చారు. తొమ్మిదిమంది ఆట ముగిసేసరికి నలుగురు బటన్ నొక్కారు. ఇంకొక్కరు నొక్కితే నా పిల్ల ఫైళ్లు మోయాల్సిందే. మిగిలింది శ్రీనగర్ కాలనీ నుంచి వచ్చిన పెద్దమనిషి. వస్తూనే "గా సార్ లేకుంటే మజా ఏముంటది?" అని మొహం ముడుచుకున్న మనిషి.

ఆయన ఒకసారి ఓడాడు. రెండోసారీ ఓడాడు. బటన్ వెలిగింది. తెర మీద మా అమ్మాయి బిట్టునూ గుడ్డముక్కనూ మార్చి మార్చి చూస్తూ మాట్లాడకుండా నిలబడి ఉంది. ఆయన బొటనవేలు బటన్ దాకా వెళ్లింది. ఇంత ధీమా మనిషిని, ఆ నిమిషం నాకు నిజంగా భయమేసింది.

బాస్ ఆయన భుజం మీదుగా వంగి, "నొక్కండి సార్, ఆయన వచ్చేస్తారు," అన్నారు.

పెద్దమనిషి వేలు వెనక్కి తీసుకున్నాడు. తల కూడా ఎత్తలేదు.

"ఆగుండ్రి భాయ్. గా పిల్లకు సమజైంది. నాకే ఇంకా అయితలేదు."