పట్టా గంట

ఆదివారం వచ్చిందంటే నాకు ఒళ్ళు బరువెక్కేది. వారమంతా స్కూల్లో పిల్లలతో గొంతు చించుకుని, ఆ ఒక్క పూటైనా నడుం వాలుద్దామనుకుంటానా, చర్చి గంట మోగేది. అమ్మ సంచీ భుజాన వేసుకుని స్టేషన్‌కి బయల్దేరేది. సంచీలో పొడుగు చేతుల పాత చొక్కా, ఖాళీ క్యారేజీ. వెనకాల నేను.

మా ఊరికి ఇప్పుడు స్టేషన్ లేదు. పెద్ద లైను వేసినప్పుడు దాన్ని పక్క ఊరి మీదుగా తిప్పేసి, మా చిన్న లైను పట్టాలు పీక్కుపోయారు. మిగిలింది ఓ ప్లాట్‌ఫాం, కప్పు లేని టికెట్ల గది, ఒక సిమెంటు బల్ల, ఊరి పేరు చెరిగిపోయిన పలక. టికెట్లిచ్చే కిటికీలో ఎవరో పురుగుమందు డబ్బాలు దాచుకుంటున్నారు. ఒకప్పుడు పట్టాలున్న కట్ట మీద పత్తి ట్రాక్టర్లు తిరుగుతాయి. ప్లాట్‌ఫాం నిండా మిరపకాయలు ఆరబోస్తారు. అంత చదునైన కళ్ళం ఊళ్ళో ఇంకోటి లేదు మరి.

ఆ స్టేషన్‌లో గంటంటే వేలాడదీసిన రైలు పట్టా ముక్కే. ముందు స్టేషన్‌లో బండి కదలగానే ఇక్కడ దాన్ని కొట్టేవారు. ఆ మోత విని ఇంటి దగ్గర బయల్దేరినా బండి అందేది. అమ్మ ఆ బండెక్కి పొరుగూళ్ళకి పోయే మిరప కోతల ముఠాకి మేస్త్రి. గంట వినపడగానే వీధంతా తిరిగి ఆడవాళ్ళని కేకలేసి పోగేసేది. ఒక్కరు తగ్గినా ఆసామి చేత మాట పడాల్సింది తనే. స్టేషన్ మూసేశాక ఆ పట్టా ముక్కని మా చర్చివాళ్ళు అడిగి తెచ్చుకుని వేపచెట్టుకి కట్టారు. ఈమధ్య అమ్మకి అన్నీ మరుపే. ఆ మోత మాత్రం మర్చిపోలేదు.

మిరపకాయల మధ్య బల్ల మీద కూర్చుని నా మీద విసుక్కునేది.

"ఏమే, మనోళ్ళు ఒక్కళ్ళూ రాలేదేంటి?"

"వస్తార్లేమ్మా."

"వస్తార్లే అంటే బండి ఆగుద్దా?"

ఘాటుకి ఇద్దరం తుమ్ముకుంటూ కూర్చునేవాళ్ళం. చివరికి కాయలు తిరగేసే కూలీలే, "పిన్నీ, ఇయ్యాళ బండి రాదంట, ఇంటికి పో" అంటే లేచేది. నేను ఎంత బతిమాలినా లేవదు. నాకు ఒళ్ళు మండిపోయేది.

మొన్నామధ్య చర్చికి మైకు వచ్చింది. గంట కొట్టడం మానేశారు. అబద్ధమెందుకు, నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ ఆదివారం కంటినిండా నిద్రపోయాను. లేచి చూస్తే అమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. అన్నం వద్దంది. రానురాను మంచం దిగడమే మానేసింది. ఒంట్లో బాలేదా అని అడిగితే, "పనుల్లేవుగా. నన్నెవరు పిలుస్తారు?" అంది. నాకు ఏడుపొచ్చింది.

నిన్న ఆదివారం పాస్టరు గారిని అడిగి, నేనే ఇనప కడ్డీ తీసుకుని ఆ పట్టా మీద కొట్టాను. చేతులు జివ్వుమన్నాయి. ఇంటికొచ్చేసరికి అమ్మ గోడ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది, భుజాన సంచీతో.

"ఎక్కడ తిరుగుతున్నావే? గంట కొట్టి ఎంతసేపయింది! పద, పద."

నా కాళ్ళు పీకుతున్నాయి. చెప్పులు విప్పకుండానే అమ్మ వెనకాల నడిచాను.