ఎండలో పెట్టిన ఆంత్రసీన్

పట్టుచీరల పెట్టె మూత తీస్తే కలరా ఉండల వాసన గుప్పుమంటుంది. ఇంట్లో అందరూ ముక్కు మూసుకుంటారు. నేను మాత్రం కాసేపు అక్కడే నిలబడతాను. చింతామణి ఊరి కాలేజీలో మా రుక్మిణమ్మ మేడమ్ ప్రయోగశాల దాదాపు ఇదే వాసన వేసేది. ఆవిడ పట్టుబట్టి శుద్ధి చేసిన ఆంత్రసీన్ కూడా ఈ ఉండల జాతిదే, తారులోంచి తీసేదే.

ఎనభైల మొదట్లో నేనక్కడ డెమాన్‌స్ట్రేటర్‌ని. మాది మిట్టేమరి, సేద్యం చేసుకునే ఇల్లు. మేడమ్‌ది చాకవేలు. పొట్టి మనిషి. మాటలు పొదుపు, కోపం మాత్రం ధారాళం. ఈ పొడితో ఏం చేస్తారని నేను మొదటి వారమే అడిగాను.

"బల్బులో తీగ కాలితేనే వెలుగు వస్తాది. దీనికి కరెంటు ఇస్తే కాలకుండానే వెలుగుతాది. ఎప్పుడో ఒకనాడు గోడకు తగిలించే బొమ్మల తెరలన్నీ దీనితోనే చేస్తారు, చూస్తాండు."

"ఎంతసేపు వెలుగుతాది మేడమ్?"

"అదే కదా పద్మా మన అగచాటు! రవ్వంత మురికి ఉండాదంటే చాలు, చచ్చిపోతాది."

అందుకే కరిగించడం, వడగట్టడం, చల్లార్చడం, మళ్ళీ కరిగించడం. పసుపుపచ్చగా ఉన్న పొడి తెల్లబడేదాకా ఇదే పని. ప్రతిసారీ అట్టపెట్టెలో అతినీలలోహిత దీపం కింద పెట్టి, ఎంత నీలంగా మెరిసిందో రాయాలి. నోట్‌బుక్కులో తప్పు అంకె పడినా చెరపనిచ్చేవారు కాదు. ఒక్క గీత కొట్టి, పక్కన నిజం రాయమనేవారు. నేనొకసారి బ్లేడుతో గీకాను. ఆ రోజంతా ఆవిడ నాతో మాట్లాడలేదు.

బెంగళూరులోని ఒక పరిశోధనాలయం మా నమూనా చూస్తామంది. బాగుంటే తమ పరిశోధన పనిలో మేడమ్‌ని కలుపుకుంటారు, కాలేజీకి పరికరాలు ఇస్తారు. నమూనా పట్టుకెళ్ళేది నేను. అక్కడే నన్ను ఇంటర్వ్యూ చేసి, పరిశోధన సీటు ఇవ్వాలో వద్దో తేలుస్తారు. మూడు నెలల కష్టం చివరికి రెండు చెంచాల తెల్లటి పొడి అయింది. శుక్రవారం మేడమ్ ఊరికి వెళ్తూ, "నల్లకాగితం చుట్టి చీకట్లోనే ఆరనీ. తొందరపడద్దు," అని మరీ మరీ చెప్పారు.

ఆదివారానికీ పొడి తడితడిగానే ఉంది. సోమవారం పొద్దున బస్సు. మా ఇంట్లో శనక్కాయలు, మిరపకాయలు, చింతపండు, అన్నీ మిద్దె మీద ఎండలోనే ఆరతాయి. ఎండ వల్ల ఏదైనా పాడవుతుందన్న ఊహే మా వంశంలో ఎవరికీ లేదు. మేడమ్‌ది ఉత్త చాదస్తం అనుకుని, గాజుపళ్ళెంలో పొడిని పరిచి కాలేజీ మిద్దె మీద పెట్టాను. మధ్యాహ్నానికి చక్కగా పొడిపొడిగా అయింది. గర్వంగా దీపం కింద పెట్టాను. వెలుగు సగం కూడా లేదు.

సాయంత్రం మేడమ్ వచ్చి చూశారు.

"యాడ పెట్టినావు?"

"మిద్ది మీద, మేడమ్."

"అయ్యో! ఇదేమన్నా శనక్కాయలా అమ్మా?" అన్నారు. ఎండ తగిలితే ఆంత్రసీన్ మారిపోయి వెలుగు పోతుందని అప్పుడు చెప్పారు. మళ్ళీ చేయడానికి సరుకూ లేదు, సమయమూ లేదు. "జరిగింది నోట్‌బుక్కులో రాయి," అని, తాను ఒక ఉత్తరం రాసి అంటించి నా చేతికిచ్చారు. నా తప్పే రాసి ఉంటారు, సీటు పోయినట్టే అనుకుంటూ బస్సెక్కాను.

బెంగళూరులో ఆ పరిశోధనాలయం పెద్దాయన ఉత్తరం చదివి, నన్ను గంటసేపు ప్రశ్నలడిగారు. శుద్ధి గురించి అడిగినవన్నీ చెప్పాను. చివర్లో ఆయన, "మీకు బాగా నేర్పారు. కానీ మీ మేడమ్ ఇంత అజాగ్రత్త మనిషి అనుకోలేదు," అంటూ ఉత్తరం నా వైపు తిప్పారు. 'నమూనాను ఎండలో పెట్టినది నేనే. పద్మ వద్దని చెప్పినా వినలేదు' అని ఉంది. అంకె చెరిపితే మొహం చూడని మనిషి రాసిన మాట అది. నోరు తెరిస్తే చాలు. నేను తెరవలేదు. నాకు సీటొచ్చింది. ఆవిడను ఆ పనిలోకి ఎవరూ పిలవలేదు, కాలేజీకి పరికరాలూ రాలేదు.

ఏడాది తర్వాత వెళ్ళి, "నేను చెప్పాల్సింది మేడమ్," అన్నాను.

"చెప్పింటే ఇద్దరికీ పోయుండేది. కాఫీ తాగు," అన్నారు. మందలిస్తే బాగుండేది.

మేడమ్ ఇప్పుడు లేరు. నా దగ్గర పరిశోధన చేసే పిల్లలు ఏదైనా పాడుచేసి దాచబోతే నేను గట్టిగా అరుస్తాను. అంత కోపం దేనికని వాళ్ళు ఆశ్చర్యపోతారు. వాళ్ళకు నేను చెప్పనిది ఒకటుంది. ఆ పెద్దాయనతో నేను నాలుగేళ్ళు పనిచేశాను. రోజూ ఎదురుగా కూర్చున్నాను. ఒక్కరోజు కూడా చెప్పలేదు, ఎండలో పెట్టింది నేనని.