రెండు కుండల్లో చేపపిల్లలు

నా చిన్నప్పుడు మా ఊరికి గడ్డి మందు కొత్తగా వచ్చింది. అప్పటిదాకా కలుపంటే ఆడవాళ్లు వరసగా వంగి చేత్తో పీకేదే. మంచిర్యాల పోయిన మా బాపు ఒక డబ్బా తెచ్చి అరుగు మీద పెట్టి, కొత్త అల్లుణ్ణి చూపించినట్టు వచ్చినవాళ్లందరికీ చూపించాడు. దాన్ని ఇసుకలో కలిపి, నాటేసిన మడిలో చల్లితే గడ్డి మొలవదట. ఒక్కటే షరతు. మూడు రోజులు ఆ మడి నీళ్లు బయటికి పోకూడదు. ఒక శనివారం సాయంత్రం చల్లి వచ్చి, ఆ మడి దిక్కు పోవద్దని బాపు నాకు రెండుసార్లు చెప్పాడు. ఒకసారి చెబితే వినే పిల్లను కాను. రెండుసార్లు చెప్పినా వినలేదన్నది తరవాతి సంగతి.

వానకాలం వస్తే మా ఊరి పిల్లలందరికీ పరకల పిచ్చి పట్టేది. పరకలంటే వేలెడంత చేపలు. తొలి వానలకు కాలువల వెంట ఎదురెక్కి పొలాల్లోకి వస్తాయి. మడి ఒడ్డుకు జానెడు గండి కొట్టి, నీళ్లు పడేచోట వెదురుబుట్ట పెట్టి కూర్చుంటే అవే వచ్చి పడతాయి. వేరేవాళ్ల ఒడ్డుకు గండి కొడితే తిట్లు తప్పవు. మన ఒడ్డు మనదే కదా అనుకుని, ఆదివారం పొద్దున్నే బుట్ట పట్టుకుని నేను మా మడికే పోయాను. ఆ రోజు పరకలు ఎంత సులువుగా చిక్కాయో. బుట్టలో పడ్డవి ఎగరలేదు, చేత్తో తీస్తే జారిపోలేదు. ఊళ్లో నా అంత మొనగత్తె లేదనుకున్నాను. లేచి గండికి ఇంత బురద మెత్తి ఇంటికి వచ్చేశాను. ఆ బురద నేను అటు తిరగగానే కొట్టుకుపోయిందని నాకు తెలియదు.

మా మడి కింద ఒక కుంట ఉండేది. మా పక్కింటి పెద్దవ్వ వాళ్లు చేపలు పట్టి బతికేవాళ్లు. వాళ్ల ఇంటి నుంచే చేపలవాళ్ల వాడ మొదలు. ఆ వాడంతా కలిసి ఏటా ఎక్కడి నుంచో చేపపిల్లలు తెచ్చి, ఆ కుంటలో కొంత పెంచి, చెరువు నిండాక చెరువులో వదిలేవాళ్లు. ఆ ఏడు గాలి నింపిన ప్లాస్టిక్ సంచుల్లో బస్సు మీద తెచ్చారు. ఒక సంచిని పెద్దవ్వ దారి పొడుగునా ఒళ్లోంచి దించలేదని ఊరంతా నవ్వుకుంది. నవ్వేవాళ్లు నవ్వారుగానీ, కుంటలో పిల్లలు చస్తే ఆ ఏడు చెరువులో చేప ఉండదు. ఆ వాడకు వేరే బతుకుదెరువు లేదు.

పొద్దెక్కాక పెద్దవ్వ మా వాకిట్లోకి వచ్చింది. చీర మోకాళ్లదాకా తడిసి ఉంది. "తమ్మీ, కుంటల పిల్లలన్ని మీదికి తేలి నోర్లు తెరుస్తున్నయి. నీ మడి ఒడ్డుకు గండి పడ్డది. నేను పూడ్చి వచ్చిన. ఇయ్యాల కాలువ నీళ్ల వంతు నీదే గద, జర కుంటకు మలుపు" అంది.

కాలువ నీళ్లు మాకు వారానికి ఒక్కరోజే వచ్చేవి. పొద్దు మునిగితే వంతు దాటిపోతుంది. మా మీది మడులకు ఇంకా నాటు పడలేదు, నారు ముదిరిపోతోంది. ఆ రోజు నీళ్లు వదులుకోవడమంటే బాపుకు చిన్న విషయం కాదు. అందుకే కొంచెం కోపంగానే అన్నాడు. "గడ్డి మందు గడ్డినే సంపుతది వదినె. చేపలకేం గాదు. గా గండి గూడ మీ వాడ పిల్లలే పరకల కోసం కొట్టి ఉంటరు."

తలుపు వెనక నేను దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. నా పరకలు పెరట్లో చిన్న కుండలో ఉన్నాయి. మా అమ్మ, మేం అవ్వ అనేవాళ్లం, వాటిని కడగడానికి పీట వేసుకుంటోంది. నేనే కొట్టానని ఒక్కమాట అంటే అయిపోయేది. బాపు చేతి దెబ్బ నాకు తెలుసు. తలుపు వెనక ఇంకాస్త నక్కాను.

పెద్దవ్వ మామూలుగా నోరున్న మనిషి. చేపల బేరంలో ఆమెతో గెలిచినవాళ్లు లేరు. ఆ రోజు మాత్రం నోటికి బదులు చేతులకు పని చెప్పింది. ఇంటికి పోయి రెండు కుండలు తెచ్చి మా అరుగు మీద పెట్టింది. ఒకదానిలో మా బావి నీళ్లు పోసింది. రెండో కుండకు మందు చల్లిన మడి నీళ్లు బాపునే తెమ్మంది. ఎవరికీ ఏ అనుమానం లేకుండా. ఇంట్లో గోలెమనే పెద్ద మట్టి తొట్టిలో ఆమె కొన్ని చేపపిల్లలను విడిగా పెంచుకునేది. వాటిలోంచి ఐదేసి తెచ్చి రెండు కుండల్లోనూ వదిలింది. తరవాత నన్ను పిలిచి కుండల ముందు కూర్చోబెట్టింది. "నువ్వు చూడు బిడ్డా. ఏది ఎట్లున్నదో చూసింది చూసినట్టు చెప్పు. మీ బాపు నా మాట నమ్మడు, నీ మాట నమ్ముతడు" అంది. ఊళ్లో ఇంతమంది ఉండగా నన్నే ఎందుకు కూర్చోబెట్టిందో అప్పుడు నాకు అర్థం కాలేదు.

బాపు భుజాన పార పెట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. కొంచెంసేపు చూసి పోతానన్నాడు. అరుగు నీడ మెట్టు దిగి వాకిట్లోకి జరుగుతోంది. ఆ నీడ ఎంత జరిగితే మా వంతు నీళ్లు అంత తగ్గినట్టు. అక్కడ కుంటలో పిల్లలకు కూడా అంతే.

మొదట రెండు కుండలూ ఒక్కతీరుగానే ఉన్నాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. కాసేపటికి మడి నీళ్ల కుండలో పిల్లలు ఊరికే ఉలిక్కిపడి కుండ గోడలకు కొట్టుకోవడం మొదలుపెట్టాయి. తరవాత ఒకటి పక్కకు ఒరిగి గిరగిరా తిరిగింది. మళ్లీ నిటారు కాబోయి ఒరిగిపోయింది. ఒంటి మీద జిగురు తెల్లగా తేలింది. ఒక్కొక్కటే పైకి వచ్చి నోరు తెరవడం, మూయడం. అన్ని నీళ్లుండి వాటికి ఊపిరి అందడం లేదు. బావి నీళ్ల కుండలో ఐదూ ఒకదాని వెంట ఒకటి తిరుగుతూనే ఉన్నాయి.

అడిగితే చూసింది చూసినట్టే చెప్పాను. బాపు వంగి చూసి, "సావలేదు గద" అన్నాడు. గొంతులో మునుపటి గట్టితనం లేదు.

పెద్దవ్వ ఒరిగిన పిల్లను అరచేతిలోకి తీసుకుని, గోటితో మొప్ప ఎత్తి చూపించింది. ఎర్రగా ఉండాల్సిన మొప్ప పాలిపోయి, జిగురు పట్టి ఉంది. "సావలేదు తమ్మీ. బతుకుతలేదు గూడ. గిప్పుడు మంచినీళ్లు తాకితే కొన్నన్న మర్ల బతుకుతయి. పొద్దుమీకినంక తెస్తే ఏం లాభం?"

ఆమె అరచేతిలో ఆ చేప నోరు తెరిచే ఉంది. బాపు ఇంకా ఆ వాడ పిల్లల మీదే గొణుగుతున్నాడు. నా తప్పు వాళ్ల నెత్తిన పడుతుంటే, వాళ్ల చేపలు నా కళ్ల ముందు ఊపిరాడక కొట్టుకుంటుంటే, ఇంక నా వల్ల కాలేదు. "గండి నేనే కొట్టిన బాపూ. పొద్దుగాల పరకలకు పోయిన" అన్నాను. అని కళ్లు మూసుకున్నాను.

దెబ్బ పడలేదు. కళ్లు తెరిచేసరికి బాపు పార తీసుకుని పొలం దారిన పరుగులాంటి నడక నడుస్తున్నాడు. కొడితేనే బాగుండుననిపించింది. పెద్దవ్వ మా అవ్వను పిలిచి, ఆ పరకలు తినొద్దని చెప్పి గుంట తవ్వించి పూడ్పించింది. తరవాత నా చెయ్యి పట్టుకుని కుంటకు తీసుకుపోయింది.

బాపు మా మీది మడులకు పోయే కాలువను తెంపి నీళ్లన్నీ కుంటకు మలిపాడు. కుంట అవతలి ఒడ్డు తెంపి, పిల్లలు పోకుండా వల అడ్డం పెట్టి, చెడ్డ నీళ్లను బీడు గుంటలోకి వదిలారు. వాడవాళ్లంతా కొమ్మలు విరిచి తెచ్చి, నీళ్లకు గాలి తగలాలని కుంటను కొట్టారు. నేనూ కొట్టాను, చేతులు బొబ్బలెక్కేదాకా. పొద్దు మునిగి వంతు నీళ్లు ఆగిపోయేసరికి సగం పిల్లలు వెల్లకిలా తేలాయి. మిగతా సగం మెల్లగా కిందికి దిగాయి. అవి కనిపించకుండా పోవడమే మాకు కావలసింది. మా నారు ఆ వారమంతా ఎండి, మీది మడుల్లో సగం నాటు పడకుండా మిగిలింది. బాపు ఆ మాట నాతో ఒక్కసారి కూడా ఎత్తలేదు.

ఇంటికి వస్తుంటే పెద్దవ్వ నన్ను వెనక్కు ఆపి చెప్పింది. "గండి పూడ్చేటప్పుడే నీ అడుగులు చూసిన బిడ్డా. అవి గూడ తుడిచేసి వచ్చిన. నేను చెప్తే నీకు దెబ్బలే మిగులుతయి. నువ్వే చెప్తవని చూసిన." నాకు ఏడుపు ఆగలేదు. ఆమె కొంగుతో నా ముఖం తుడిచింది. ఆ కొంగు చేపల వాసన వేసింది.

ఆ ఏటి నుంచి బాపు మందు చల్లే ముందు పెద్దవ్వ గడప దగ్గర చెప్పి వచ్చేవాడు. ఇప్పుడు ఆ మడి నేను చేసుకుంటున్నాను. నేనూ మందు చల్లుతాను, చల్లననే గొప్ప నాకు లేదు. కానీ ముందురోజు పోయి కుంటవాళ్లకు చెప్పకుండా ఇసుక కలపను. మూడు రోజులు పొద్దున, సాయంత్రం ఒడ్డు చుట్టూ తిరిగి చూసుకుంటాను. ఎవరైనా ఏం కాలేదు కదా అంటే, సావలేదు గద అన్న మా బాపు మాటే వినిపిస్తుంది.

పెద్దవ్వ నన్ను క్షమించింది, బాపూ క్షమించాడు. నేను మాత్రం ఒక లెక్క మరిచిపోలేదు. అరుగు నీడ మెట్టు దిగి వాకిలి సగందాకా పోయేంతసేపు నేను నోరు మూసుకుని కూర్చున్నాను. అంతసేపూ కుంటలో అవి నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. ఈ వయసులోనూ ఏదైనా తప్పు చేసి దాచబోతే, నాకు ముందు గుర్తొచ్చేది బాపు చెయ్యి కాదు, ఆ నోళ్లే.