జోషి కాగితంలో పడమటి గది

ముప్పై ఏళ్ళుగా ఒక కాగితం నా ట్రంకుపెట్టె అడుగున ఉంది. దాని బరువెంతని? ఊదితే ఎగిరిపోతుంది. అయినా పెట్టె తెరిచిన ప్రతిసారీ నా చెయ్యి దాన్ని తాకకుండా పైనున్న పంచెలు మాత్రమే తీసుకుని మూత వేసేస్తుంది. నువ్వెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్ళకు చెప్పే ధైర్యమే ఉంటే ఎప్పుడో చెప్పి ఉండేవాణ్ణి.

ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, నాందేడ్‌లో ఉద్యోగం చేసే నా కొడుకు పాత ఇల్లు విప్పి కొత్తది కడతానంటున్నాడు. "బాపూ, జోషి రాసిచ్చిన కొలతల కాయితం ఉన్నదంటివి గద. తీసిపెట్టు, అంగడి నాడు అస్త" అని కబురు పంపాడు. వారపు అంగడి రేపే. వాడికి మరాఠీ చదవడం వచ్చు. నా భయమంతా అదే.

మా ఊరు గోదారి ఒడ్డున, బాబ్లీకి దగ్గర. ఇంట్లో తెలుగు, అంగట్లో మరాఠీ, కచేరీలో ఉర్దూ. ఒక ఏడు గోదారి పొంగి మా మట్టిగోడలు నానిపోయాయి. ఊరి మిట్టమీద కొత్త ఇల్లు కట్టాలనుకున్నాం. ఇంటికి పెద్ద మా అన్న. ఆయనకు అక్షరం ముక్క రాదు. నేను ఆఖరివాణ్ణి. ధర్మాబాద్‌లో నాలుగు తరగతులు చదివి, ఇంటిల్లిపాదిలో కాగితం చదవగలిగేది నేనొక్కణ్ణేనని తెగ మిడిసిపడేవాణ్ణి. మా ఇద్దరి మధ్య అక్క. పెళ్ళయిన రెండేళ్ళకే మొగుడు పోతే ఒక చీరల మూట, ఒక ఇసుర్రాయి తీసుకుని మా దగ్గరికి తిరిగొచ్చింది.

కొత్త ఇల్లు అనుకున్న రోజే అన్న అక్కతో, "పడమటి దిక్కు నీకో అర్ర. నీ పొయ్యి నీది, నీ దర్వాజ నీది" అన్నాడు. మర్నాడు చూస్తే అక్క తన ఇసుర్రాయిని శుభ్రంగా కడిగి ఎండలో పెట్టుకుంది.

మాలో ఇంటిని ఇంటి పెద్ద మూరతోనే కొలుస్తారు. ముహూర్తాలు పెట్టే జోషి వచ్చి అన్న మోచేతి నుంచి వేలి కొసదాకా కొలిచి ఒక కర్ర కోయించాడు. ఏ గది ఎన్ని మూరలుంటే ఇంటివాళ్ళకు కలిసొస్తుందో చూడటాన్ని ఆయం కట్టడం అంటారు. ఆయన ఆయం కట్టి, గదులన్నీ వరుసగా మరాఠీలో రాశాడు. ముహూర్తం నాడు ఈశాన్య మూల పూజ చేయించి, మొదటి మేకు కొట్టించి, కాగితం నా చేతిలో పెట్టి, వేరే ఊళ్ళో పెళ్ళి ఉందని బండెక్కాడు. మిగతా పని మాదే. నేను చదవాలి, అన్న కర్రతో కొలవాలి, మేస్త్రి తాడు కట్టి ముగ్గు పోయాలి. ఒకసారి పోసిన ముగ్గును ఎవరూ చెరపరు. చెరిపితే ఇంటి పెద్దకు కీడంటారు.

వంటిల్లు చదివాను. నడిమిల్లు చదివాను. ఆ తర్వాతి వరుసలో "బహిణీచీ ఖోలీ" అని ఉంది. అక్క గది. తొమ్మిది మూరలు, ఏడు మూరలు, వాకిలి ఉత్తరానికి. నా కళ్ళు అక్కడ ఆగిపోయాయి. దాని పక్కదే నా గది. అక్క గది లేకపోతే నాది పడమటి గోడదాకా సాగుతుంది, బాటవైపు కిటికీ వస్తుంది, కిటికీ దగ్గర బల్ల వేసుకుని ఊరివాళ్ళ అర్జీలు రాస్తూ పెద్దమనిషిలా కూర్చోవచ్చు. ఇంతే. ఇంతకే! నా భార్య పోరువల్ల చేశానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. ఆమె పాపం అప్పుడు పుట్టింట్లో ఉంది.

"ఏంది తమ్మీ, ఆగినవ్? చెల్లె అర్ర ఎన్ని మూరలు?" అన్నాడు అన్న.

"రాయలేదన్నా. పడమర దిక్కుకు ఆయం కుదురుతలేదట. ఆ దిక్కు అర్ర పెడితే ఇంటి పెద్ద పానానికి మంచిది గాదట."

"నాకేమైతది తియ్యి! చెల్లెకు మాటిచ్చిన. ముగ్గు పొయ్యి మేస్త్రీ."

మొగుడు పోయిన మనిషి ముగ్గు దగ్గరికి రాకూడదని అక్క దూరంగా, పశువుల కొట్టం దగ్గర నిలబడి ఉంది. అక్కణ్ణుంచే గట్టిగా అరిచింది.

"వద్దన్నా! నీకు దండం పెడత. నీ పానంకన్న నాకు అర్ర ఎక్కువనా? ఏ మూలకన్న పండుకుంట. నువ్వు సల్లగుండాలె."

మేస్త్రి నా ముఖం చూశాడు. నేను కాగితం మడిచేసి నా గది కొలత చెప్పాను. నోటికొచ్చిన కొలత.

గృహప్రవేశం నాడు జోషి పడమటి వైపు చూసి అక్క గది ఏదని అడిగాడు. అన్న అప్పుడు వాకిట్లో ఆవును లోపలికి తోలుతున్నాడు. తర్వాత కడతామని గొణిగాను. ఆ తర్వాత ఏటా పంచాంగం చదవడానికి జోషి వచ్చినప్పుడల్లా, అన్న ఎక్కడ అడిగేస్తాడోనని నేను ఇద్దరి మధ్యా కూర్చునేవాణ్ణి. అన్న ఒక్కసారీ అడగలేదు. తమ్ముడు చదివింది తప్పవుతుందని ఆయనకు తోచనే లేదు. అక్క ఇసుర్రాయి చూరు కింద, సరిగ్గా నా కిటికీ అవతల పడింది. నేను అర్జీలు రాస్తుంటే ఆ చప్పుడు వినపడుతూనే ఉండేది.

ఇంతటితో అయిపోతే బహుశా ఇది రాసేవాణ్ణి కాదు.

మూడో ఏడు ఎండలు మండిపోతుంటే, అన్న పడమటి గోడకు ఆనించి కందికట్టెల తడకలు కట్టి అక్కకు నీడ చేసిచ్చాడు. "ఇది అర్ర గాదు, పందిరి. దీనికి ఆయం ఏంది?" అని నవ్వాడు. అక్క ఇసుర్రాయిని అందులోకి జరుపుకుంది. ఆ వానాకాలం అన్నకు జ్వరం వచ్చింది. రెండో రోజే అక్క ఆ తడకలు పీకి, విరిచి, పొయ్యిలో పెట్టింది. చేతులనిండా గీరుకుపోయి నెత్తురు. అయినా అన్న దక్కలేదు.

"నా అర్ర ఆశనే నా అన్నను తిన్నది తమ్మీ" అంది అక్క, నా భుజం పట్టుకుని. నేనేం చేశాను? ఏడ్చాను. నిజంగానే ఏడ్చాను. కానీ నోరు విప్పలేదు. అన్న జ్వరంతో పోయాడక్కా, జోషి అట్లా రాయనేలేదు అని ఒక్క ముక్క చెబితే ఆమె గుండె మీది బండ దిగేది. అది దిగి నా మీద పడుతుందని భయపడ్డాను. గది దొంగిలించింది ఆశతో అనుకున్నా, ఈ మౌనానికి ఏం పేరు పెట్టను?

ఆ తర్వాత బతికిన ఇరవై నాలుగేళ్ళలో అక్క ఇంటి పడమటి వైపు అడుగుపెట్టలేదు. నెత్తిన నీళ్ళ బిందె ఉన్నా తూర్పునుంచి చుట్టు తిరిగి వచ్చేది. మాహూర్ దేవి మెట్లెక్కుతూ ఒకసారి చెప్పేద్దామనుకున్నాను. "అక్కా" అన్నాను. "మెల్లగ ఎక్కు తమ్మీ, కాలు జారుతది" అని చెయ్యి అందించింది. ఆ చెయ్యి పట్టుకుని మాట మింగేశాను.

అక్క పోయి మూడేళ్ళయింది. ఇక చెప్పి ఎవరికి లాభం? చెప్పకపోతే ఎవరికి నష్టం? పొద్దుటినుంచి మూడుసార్లు ఆ కాగితం పట్టుకుని పొయ్యి దాకా వెళ్ళాను. మూడుసార్లూ తిరిగొచ్చాను. మూడోసారి వాకిట్లో నిలబడి, ఎవరూ లేకున్నా, మొదటినుంచి చివరిదాకా పైకి చదివాను. వంటిల్లు. నడిమిల్లు. బహిణీచీ ఖోలీ, తొమ్మిది మూరలు, ఏడు మూరలు, వాకిలి ఉత్తరానికి. ఈసారి ఎక్కడా ఆగలేదు. ఆ వరుస నా నోట రావడం అదే మొదటిసారి.

అక్క క్షమిస్తుందని అనుకోను. క్షమించమని అడగడానికి ఆ మనిషే లేకుండా చేసుకున్నాను. రేపు నా కొడుకు ఆ కాగితం విప్పి, ఈ పడమటి గది ఎవరిది బాపూ అని అడుగుతాడు. మీ మేనత్తది అంటాను. మరెందుకు కట్టలేదంటాడు.

జోషి రాశాడు. నేనే చదవలేదు అని చెబుతాను.