నలుపు తెలుపులో మా మామ

చేతిలో కొత్త ఫోన్, నెలనెలా ఎంతో కొంత జీతం ఉండి, ఎందుకురా అని అడిగేవాళ్లు లేని వయసు ఒకటి ఉంటుంది చూడండి, ఆ రోజుల్లో మనిషికి తనలో ఏదో గొప్ప విద్య దాగి ఉందనిపిస్తుంది. నాకు నేను ఫొటోగ్రాఫర్‌ననిపించింది. అప్పుడు ఆర్మూర్ బస్టాండ్ దగ్గర ఒక మొబైల్ షాపులో రీచార్జులు చేస్తూ, ఫోన్లకు గాజు అంటిస్తూ ఉండేవాణ్ణి. గిరాకీ లేని మధ్యాహ్నాల్లో ఒక గడ్డం సారు ఫొటో పాఠాల వీడియోలు చూసేవాణ్ణి. ఫ్రేమును అడ్డంగా, నిలువుగా మూడేసి భాగాలు చేసుకోవాలనీ, మనిషిని ఎప్పుడూ మధ్యలో పెట్టకూడదనీ, ఒక పక్కకు జరిపి మిగతా చోటు ఖాళీగా వదలాలనీ, ఆ ఖాళీయే చూసేవాడితో మాట్లాడుతుందనీ ఆయన చెప్పేవాడు. నేనెంత నమ్మానంటే, మా ఇంటి పుట్టినరోజు ఫొటోల్లో కేకు ఒక మూలకూ పిల్ల ఇంకో మూలకూ పోయి, నడుమ గోడ ఒక్కటే నిండుగా కనిపించేది. ("గోడ మంచిగొచ్చింది కొడుకా" అని మా అమ్మ మెచ్చుకుంది కూడా.)

అదే సారు ఒకరోజు, రంగు కళ్లను మోసం చేస్తుంది, మనిషి ఆత్మ నలుపు తెలుపులోనే కనిపిస్తుంది అన్నాడు. ఆ మాట నా బుర్రలో కూర్చుండిపోయింది. ఆ ఆదివారం పొద్దున వేల్పూర్‌లో మా మేనమామ ఇంటికి పోతే, ఉడకబెట్టిన పసుపు కల్లంలో ఆరబోసి, తలకు తువ్వాల చుట్టుకుని, కుప్ప పక్కన కూర్చుని బీడీ తాగుతున్నాడు. ఏటవాలు ఎండ ముఖానికి ఒక పక్కనే పడుతోంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"మామా, నా దిక్కు చూడకు. దూరంగ చూడు, ఏదో యాది చేసుకుంటున్నట్టు."

"ఏం యాది చెయ్యాల్రా? పసుపు రేటు యాది చేస్తే ఏడుపొస్తది" అన్నాడు గానీ, చెప్పినట్టే చూశాడు. నేను మురిసిపోయి ఫొటో తీశాను. దేన్ని తలుచుకున్నాడో అడగలేదు.

అక్కడే గట్టు మీద కూర్చుని పనితనం మొదలుపెట్టాను. పసుపు కుప్ప పక్కనున్న మనిషి ఫొటోలోంచి పసుపును తీసిపారేసిన ఘనుడు ఆర్మూర్ చుట్టుపక్కల నేనొక్కణ్ణే అనుకుంటా. అంచులు చీకటి చేశాను. తల వెనక సన్నటి వెలుగు పెట్టాను. మామను ఒక పక్కకు జరిపి మిగతాదంతా ఖాళీ వదిలాను. ఆత్మ సరిగ్గా కనపడుతోందని తృప్తి కలిగాక, వెనక వేణువు పాట జోడించి, కింద 'మా మామ' అని రాసి, చూసేవాళ్లకు మర్యాదగా ఉంటుందని దండం గుర్తు పెట్టి వాట్సాప్ స్టేటస్‌లో వదిలాను. ఆ తరువాత డ్యామ్ మీద పొద్దుగూకే వెలుతురు పట్టుకుందామని పోచంపాడ్ పోయాను. బ్యాటరీ మిగలాలని ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టాను.

తిరుగు బస్సులో ఆర్మూర్ దగ్గర పడుతుండగా ఫ్లైట్ మోడ్ తీసేసరికి ఫోన్ చేతిలో గిలగిల కొట్టుకుంది. మెచ్చుకోళ్లే అనుకున్నాను. మొదటిది మా షాపు సేటుది: "ధైర్యంగ ఉండు తమ్మీ. రేపు షాపుకు రాకు." రెండోది దూరపు చుట్టానిది: "మస్తు మంచి మనిషి ఉండె." మూడోది: "ఎప్పుడు తీస్కపోతరు?" కిందంతా దండాలే దండాలు. పొద్దున బీడీ తాగిన మామ, నేను అటు పోగానే పోయాడా? అమ్మకు చేస్తే ఎత్తలేదు. మామకు చేస్తే మోగి మోగి ఆగిపోయింది. మస్కట్‌లో ఉన్న మామ కొడుకు, అంటే మా బావ, ఎన్నిసార్లు చేశాడో, తెర మీద వేలు జరిపినకొద్దీ వాడి పేరే. (ఇంత ఏడుపులోనూ, చివరి ఫొటో బాగా కుదిరింది అని ఒక ఆలోచన తళుక్కున వచ్చి పోయింది. కళాకారుడి బతుకు అంత నీచం.)

వేల్పూర్‌కు ఆటో ఎక్కాను. "ఎవరు పోయిండ్రన్నా?" అన్నాడు డ్రైవర్ నా ముఖం చూసి. "మా మామ" అన్నాను. పాట ఆపేసి బండిని ఉరికించాడు. మామ ఇంటి ముందు చెప్పులు గుట్టగా పడి ఉన్నాయి. ఒకాయన పూలదండ పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాడు. లోపలినుంచి మా అమ్మ ఏడుపు. "మామా!" అని బొబ్బపెట్టి లోపలికి ఉరికాను.

"ఏందిరా?" అన్నాడు మామ. మంచం మీద కూర్చుని సాసర్లో చాయ్ ఊదుకుంటున్నాడు.

నేను అక్కడే కూలబడ్డాను. మా అమ్మ ఏడుపు ఆపకుండానే వచ్చి వీపు మీద రెండు వడ్డించింది. "బతికున్న మనిషిని నల్లగ చేసి దండం పెడ్తవారా? నా అన్న పోయిండని సగం ఆర్మూర్ నాకు చెప్పిందిరా!" అప్పుడు వెలిగింది నాకు. మా దిక్కున ఎవరి స్టేటస్‌లోనైనా బతికున్నవాళ్లు రంగురంగుల పూల నడుమ మెరుస్తుంటారు. నలుపు తెలుపులో కనిపించేది పోయినవాళ్లే. పైగా వేణువు, దండం. ఇంకేం అనుమానం మిగులుతుంది? మామ మాత్రం ఎవరెవరు ఏడ్చారో, ఎవరు ఉత్తగా వచ్చారో హుషారుగా అడిగి తెలుసుకుంటున్నాడు. దండ తెచ్చినాయన సిగ్గుపడుతుంటే, "తెచ్చినవు గద, ఎందుకు వాడగొట్టుడు? గా ట్రాక్టర్‌కెయ్యి" అన్నాడు.

అందరూ నవ్వారు. అప్పుడు అత్త, మామ కల్లంలో మరిచిపోయిన ఫోన్ తెచ్చి, దాన్నిండా కొడుకు కాల్సే ఉండటం చూసి మెల్లగా, "మరి పిలగాడు?" అంది. నవ్వు ఆగిపోయింది. బావకు చేస్తే కలవలేదు. మళ్లీ చేస్తే కలవలేదు. వాడి రూములో ఉండే దోస్తుకు చేస్తే, "పాస్‌పోర్ట్ తీస్కోని కంపెనీ ఆఫీసుకు పోయిండన్నా. ఏడ్సుకుంటనే పోయిండు" అన్నాడు. తండ్రి పోయాడని సెలవు అడిగి, ఆయన బతికే ఉన్నాడని తెలిస్తే కంపెనీ ఊరుకుంటుందా? నా తమాషాకు వాడి నౌకరీ పోతుందా? మామ సాసర్ కింద పెట్టాడు. ఆ మనిషి ముఖంలో భయం చూడటం నాకు అదే మొదటిసారి. ఎంతసేపు అట్లా కూర్చున్నామో, చివరికి నా ఫోన్ మోగింది. వీడియో కాల్.

బావ కళ్లు వాచిపోయి ఉన్నాయి. "బామ్మర్దీ, నేనొచ్చేదాక ఆపుండ్రిరా. లీవు ఇచ్చిండ్రు" అన్నాడు. ఫోన్ మామ వైపు తిప్పాను. జీవితంలో మొదటిసారి ఒక మనిషిని సరిగ్గా ఫ్రేము మధ్యలో పెట్టాను.

"బాగున్నవారా?" అన్నాడు మామ.

అవతల ఫోన్ ఒరిగిపోయి కాసేపు ఫ్యాను ఒక్కటే కనిపించింది. ఎక్కిళ్లు వినిపించాయి. తరువాత నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయదగ్గవి కావు. అన్నీ అయ్యాక, "పోయి లీవు వద్దని చెప్తనే నాయినా" అన్నాడు. మామ ఫోన్ నా చేతిలోంచి తీసుకుని ముఖానికి దగ్గరగా పెట్టుకున్నాడు.

"ఉన్నది ఉన్నట్టు చెప్పు. అయినా ఇస్తే రా. నేను పోయినంక వస్తే నువ్వు నన్ను చూస్తవు గని, నేను నిన్ను చూడ గదరా."

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా అమ్మ నన్ను కొట్టడం మరిచిపోయింది. బావ మేనేజర్‌కు నిజమే చెప్పాడట. ఆయన కడుపుబ్బ నవ్వి, ఇచ్చిన లీవు ఇచ్చినట్టే, పోయి మీ నాయనను చూసి రా అన్నాడట. ఆ వారంలోనే బావ ఏళ్ల తరువాత ఇంటికొచ్చాడు. ముందు నన్ను రెండు తన్ని, తరువాత వాటేసుకున్నాడు.

ఇద్దరినీ కల్లంలో నిలబెట్టి నేను అలవాటు కొద్దీ ఫోన్ పక్కకు జరుపుతుంటే మామ పసిగట్టాడు. "నడిమిట్ల పెట్రా. పక్కన జాగ వదలకు. గిన్నేండ్లు నా పక్కన ఖాళీనే ఉండె."

ఇప్పుడు నాకు పెద్ద కెమెరా ఉంది, పెళ్లిళ్లకు పిలుస్తారు, మూడు భాగాల సంగతి నేనూ పిల్లలకు చెబుతున్నాను. ఆ ఫొటోలో మాత్రం ఇద్దరూ సరిగ్గా మధ్యలో, చేతులు కట్టుకుని, ఎండకు కళ్లు చికిలించి, వెనక పసుపుతో నిలబడి ఉంటారు. గడ్డం సారు చూస్తే సున్నా వేస్తాడు. దాన్ని నేనింతవరకు దిద్దలేదు. చూసినప్పుడల్లా, ఆత్మ కోసం రంగు తీసేసిన ఆ పిల్లగాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఆ రోజు మామను ఏం యాది చేసుకున్నావని వాడు అడిగి ఉండాల్సింది.