నాయనమ్మ చెవి ఆనించిన స్పీకర్ పెట్టె

మా చిన్నప్పుడు సాయంత్రం బాపు యాంప్లిఫయర్ స్విచ్చి వేస్తే, ఇంట్లో అందరం ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్లం... కాసేపు ఏమీ వినపడదు. తర్వాత లోపల ఎక్కడో 'టక్' మంటుంది. అప్పుడే రేడియో మాటలు స్పీకర్‌లోంచి వస్తాయి. ఆ టక్ రాకపోతే ఆ పూట నాయనమ్మకు లోకం లేనట్టే.

మట్టెవాడలో మాది పవర్‌లూమ్ ఇల్లు. ముందు గదిలో మగ్గాలు, వెనక గదుల్లో మేము. ఆ చప్పుడులో ఏళ్ల తరబడి పనిచేసి నాయనమ్మకు ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవిలో ఏదో కాస్త మిగిలింది. ఆ కాస్త కోసమే బాపు, దుబాయి నుంచి తిరిగొచ్చిన వాళ్ల దగ్గర ఒక పాత జపాన్ యాంప్లిఫయర్ కొన్నాడు. రేడియోను దానికి కలిపి, పెద్ద స్పీకర్ పెట్టె పెట్టాడు. నాయనమ్మ దాని ముందు పీట వేసుకుని, పెట్టె మీది గుడ్డకు కుడి చెవి ఆనించి వినేది.

వింటూ తనలో తాను నవ్వుకునేది... ఆ నవ్వు చూడటానికి బాపు మగ్గం ఆపి మరీ వచ్చేవాడు.

ఒక ఎండాకాలం ఆ టక్ మొరాయించింది. స్విచ్చి వేస్తే దీపం వెలుగుతుంది, మాట రాదు. వీధి చివర రేడియోలు బాగుచేసే యాకూబ్ భాయ్ వచ్చి మూత విప్పాడు. లోపల అగ్గిపెట్టె అంత ప్లాస్టిక్ డబ్బీ చూపించాడు. దాని పేరు రిలే, టక్ మనేది అదే. యాంప్లిఫయర్‌లో ఏదైనా తేడా వస్తే, స్పీకర్ కాలిపోకుండా దాన్ని విడదీసేది అదేనట. లోపల ఒకదానికొకటి తగిలే దాని ముక్కులకు మసి పట్టింది, అంతే. గరుకు కాగితంతో రుద్దాడు, టక్ మంది. మేమందరం చప్పట్లు కొట్టాం. కానీ బాపు మనసులో ఒకటి పాతుకుపోయింది... మాట ఆగిందంటే తప్పు ఆ డబ్బీదే అని.

వానలు మొదలయ్యాక రోగం మళ్లీ వచ్చింది. ఈసారి వేరేగా. బాగానే మాట్లాడుతూ, లోపల వేడెక్కగానే టక్కున తెగిపోయేది. చల్లారితే మళ్లీ పలికేది. యాకూబ్ భాయ్ మీటరు పెట్టి చూశాడు. ఆయన మొహం మారిపోయింది.

"ఈపారి రిలే మంచిగనే ఉన్నదన్నా. లోపలి ట్రాన్సిస్టర్ బిళ్ల ఖరాబైంది. గరమైతే కరెంటు సీదా స్పీకర్ మీదికి వస్తాంది. గందుకే గిది బంద్ చేస్తాంది. నేను హైదరాబాద్ పోయి కొత్తది తెస్త. అప్పటిదాంక జర ముట్టకు."

"సరే భాయ్" అన్నాడు బాపు. అనడం వరకే!

ఇక్కడ మగ్గం సంగతి ఒకటి చెప్పాలి. పోగు తెగితే మగ్గం తనంతట తాను ఆగే ఏర్పాటు ఉంటుంది. అది ఊరికే ఆపుతుంటే పని సాగదని, దాన్ని దారంతో కట్టేసి నడిపిస్తారు... మా వాడలో అందరూ చేసేదే. మహా అయితే గుడ్డలో పోగు లేని సన్నటి జాడ పడుతుంది. బాపుకు రిలే కూడా అలాంటిదే అనిపించింది.

ఆ సాయంత్రం రేడియోలో నాటకం. అలిగి ఇల్లు విడిచిన పెద్దకోడలు వానలో దారి తప్పిన కథ. మొదటి భాగం పోయిన వారమే అయింది, ఆ రోజు చివరి భాగం. "ఇయ్యాల కోడలు ఇల్లు చేరుతదా లేదా?" అని నాయనమ్మ పొద్దుటి నుంచి అందరినీ అడుగుతూనే ఉంది. బాపు మూత విప్పాడు. రాగి తీగ ముక్కతో రిలే రెండు కొనలనూ కలిపేశాడు, ఇక అది స్పీకర్‌ను విడదీయలేదు.

"యాకూబ్ భాయ్ ముట్టద్దన్నడు గద?" అంది అమ్మ.

"ఊకె ఫికర్ జేస్తవ్ నువ్వు. అవ్వను గా ఒక్క నాటకం ఇననీ. రేపు తీసేస్త."

టక్ లేకుండానే మాట వచ్చేసింది. నాకు అది అస్సలు నచ్చలేదు. నాయనమ్మ మాత్రం పీట దగ్గరికి జరుపుకుని కళ్లు మూసుకుంది. బాపు మగ్గం దగ్గరికి వెళ్లాడు. నేను వంటింటి గడప మీద కూర్చుని అమ్మతో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను.

కొంతసేపటికి మాటల వెనక ఒక 'గుయ్' మొదలైంది... గదిలో తుమ్మెద దూరినట్టు. మాటలు సన్నబడ్డాయి, గుయ్ లావైంది. ఆ గుయ్ ఎందుకో నాయనమ్మకు తెలియదు. ఆమెకు తెలిసింది మాట తగ్గిందని మాత్రమే. అందుకని చెవిని ఇంకా గట్టిగా ఆనించింది.

కాలిన వాసన. "అత్తా, లే!" అని అమ్మ కేక పెట్టింది. నేనూ అరిచాను. అరిస్తే ఆమెకు వినపడుతుందా అసలు! గుడ్డ మీద నల్లటి మచ్చ, దానిలోంచి పొగ, ఆ వెంటనే మంట. పరుగెత్తి ఆమె చేయి పట్టి లాగాను.

"ఏందే, ఎందుకు గుంజుతవ్? కథ ఇంక ఒడవలే!" అని నన్ను కసిరింది. జుట్టు అంటుకున్న సంగతి ఆమెకింకా తెలియదు.

అమ్మ దుప్పటి కప్పి ఆర్పింది. బాపు ఉరికి వచ్చి, స్విచ్చి ఆపి, అక్కడే కూలబడ్డాడు.

దవాఖానలో చాలా రోజులున్నాం. ప్రాణం దక్కింది. కానీ కుడి చెవి కాలి, చీము పట్టి, మిగిలిన ఆ కాస్త వినికిడీ పోయింది.

"నా చేతులతోని నేనే జేసిన భాయ్..." అంటూ యాకూబ్ భాయ్ ముందు బాపు ఏడవడం చూశాను. బాపు మీద కోపం, జాలి... రెండూ నాకు ఇప్పటికీ పోలేదు. మగ్గమూ మనిషి చెవీ ఒకటేనా బాపూ అని గట్టిగా అడగాలని ఉండేది.

ఇంటికొచ్చాక నాయనమ్మ ఆయన్ను ఒక్క మాట అనలేదు. ఒకటే అడిగేది. "గా కోడలు ఇల్లు చేరిందారా?" చేరిందని బాపు తల ఊపేవాడు. ఆమె తృప్తిగా నవ్వేది. కొన్నాళ్లకు మరిచిపోయి మళ్లీ అడిగేది. పోయేదాకా అడుగుతూనే ఉంది, ఆయన తల ఊపుతూనే ఉన్నాడు.

నిజానికి ఆ చివరి భాగం బాపు వినలేదు. మా ఇంట్లో ఎవరమూ వినలేదు.

ఇప్పుడు ఫోన్లో ఏ కథనైనా ఆగిన చోటి నుంచే మళ్లీ వింటున్నాం. అప్పుడు పోయింది పోయినట్టే... ఆ రోజుల్లో ఆ నాటకం విన్నవాళ్లు మీలో ఎవరైనా ఉంటే, మీకు పుణ్యముంటుంది, నాకొక్క మాట చెప్పండి. ఆ కోడలు ఇల్లు చేరిందా?