సీటు కింద సంచి

పల్నాడులో పుట్టి యుద్ధం లేకుండా కథ మొదలుపెడితే బాగుండదు. కాబట్టి ఇందులో ఒక వీరుడు, ఒక వాహనం, ముంచుకొస్తున్న గడువు, నలుగురి ముందు కార్చిన కన్నీళ్లు ఉన్నాయని ముందే మాటిస్తున్నాను. వాహనం సైకిలు. వీరుణ్ణి నేనే. ఇక మీరే ఊహించుకోండి, యుద్ధం వెనక చక్రం దాటి బయటికి రాలేదు.

నా సైకిలు సీటు కింద ఒక చిన్న సంచి వేలాడుతుంటుంది. పంక్చరు ప్యాచ్‌లు, వాటిని అంటించే సొల్యూషన్ ట్యూబు, గరుకు కాగితం ముక్క, టైరు ఊడదీసే రెండు లీవర్లు అందులో ఉంటాయి. గాలి పంపు ఫ్రేముకి కట్టి ఉంటుంది. మా అక్క ఆ సంచిని చూసినప్పుడల్లా, "ఏందిరా, ఆపరేషన్‌కి పోతన్నావా?" అనేది. నర్సు కోర్సు చదివింది కదా, ఆమె జోకులన్నీ ఆస్పత్రి వార్డులోంచే వస్తాయి.

ఆ రోజు అక్క నరసరావుపేటలో నర్సు ఉద్యోగానికి సర్టిఫికెట్లు చూపించాలి. రెండేళ్లు ఎదురుచూసిన ఉద్యోగం. పొద్దున్నే ఆటోలో మెయిన్ రోడ్డు దాకా పోయి, బస్సు కోసం నిలబడి, అప్పుడు ఫోన్ చేసింది.

"ఒరేయ్, ఫైలు మంచం మీదే ఉండిపోయిందిరా. ఎనిమిదిన్నర బస్సు పోతే ఇంక పదిన్నరకే. అప్పటికి వాళ్లు పేర్లు పిలవడం అయిపోద్ది."

నాన్న బండి వేసుకుని పొలం పోయాడు. రోడ్డుకి ఆరు కిలోమీటర్లు. ఫైలు చొక్కా లోపల దోపుకుని తొక్కాను. సగం దారిలో సర్కారు తుమ్మ ముల్లు దిగి వెనక టైరు చప్పబడింది.

పక్కనే మిరప కల్లం. ఆడవాళ్లు పట్టా మీద కూర్చుని రంగు పోయిన తాలు కాయలు ఏరుతున్నారు. నేను ఎండుకాయల్ని చేత్తో పక్కకి నెట్టి చోటు చేసుకుని, సైకిలు తలకిందులు పెట్టి, ట్యూబు బయటికి లాగి కాస్త గాలి కొట్టాను. గాలి ఎక్కడ పోతోందో తెలియాలంటే నీళ్లలో ముంచాలి. వాళ్ల డ్రమ్ము వైపు చూశాను.

"తాగే నీళ్లయ్యా అవి!" అంది అందులో పెద్దావిడ.

సరే, ఎంగిలి ఉంది కదా. వేలు నాక్కుని ట్యూబు మీద రాశాను. మిరప పండించే ఇంట్లో పుట్టినవాడు చెయ్యకూడని పని అదే. నాలుక భగ్గుమంది. చెమట తుడుచుకోబోయి అదే చెయ్యి కళ్లకి పెట్టాను.

"టైరు పోతే ఇంత ఏడుస్తారా నాయనా?"

"పెళ్లిచూపులకి పోతన్నాడేమోలే పిన్నీ!"

"ఈ మొహంతో పోతే వాళ్లే ఏడుస్తారు."

చివరికి ఆ పెద్దావిడే తిట్టుకుంటూ లేచి, తాగే నీళ్లు రెండు చెంబులు నా మొహాన కొట్టింది. ఒక కన్ను తెరుచుకుంది. దానితోనే ఎంగిలి బుడగలు పొంగుతున్న చోటు చూశాను. గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి, అది ఆరేదాకా ఆగాను. నా జీవితంలో అంత పొడుగు నిమిషం చూడలేదు. ప్యాచ్ అంటించి, ట్యూబు లోపలికి తోసి, గాలి కొట్టి బయల్దేరాను.

స్టాపు దగ్గర అక్క చున్నీ కొస నములుతూ నిలబడి ఉంది. బస్సు మలుపు తిరుగుతోంది. ఫైలు చేతికిచ్చాను. ఆమె నా ఎర్రటి కళ్లు చూసింది.

"నా ఉద్యోగం కోసం ఇంత ఏడ్చావంట్రా? చానా మంచోడివిరా నువ్వు."

కాదని చెబుదామంటే నోరు ఇంకా మండుతూనే ఉంది. పైగా ఆమె నన్ను పొగడటం అదే మొదటిసారి, దాన్ని చెడగొట్టబుద్ధి కాలేదు. బస్సు కదిలాక రోడ్డు పక్కనే కూలబడ్డాను. గుండె మీంచి బస్తా దించినట్టయింది.

పదిన్నర దాటాక ఫోన్ వచ్చింది. "అన్నీ చూశార్రా, సంతకం పెట్టించుకున్నారు. సోమవారం చేరమన్నారు." అప్పటికి నేను వెనక టైరు మళ్లీ చప్పబడిన సైకిలుని నడిపించుకుంటూ ఊళ్లోకి వస్తున్నాను, ఎందుకంటే ప్యాచ్ వేశాక ట్యూబు ఎక్కించే ముందు టైరు లోపల వేళ్లతో తడిమి ముల్లు పీకెయ్యాలి.